ఛాతీలో నీరు మళ్ళీ మళ్ళీ చేరుతోందా? పాత పని గుర్తు చేసుకోండి
మెసోథీలియోమా గురించి రోగి కుటుంబ సభ్యులకు కొన్ని మాటలు

ఆయనకు అరవై మూడేళ్ళు. సముద్రం పక్క ఊరు. కుడి వైపు ఛాతీలో నీరు చేరి, ఆయాసంతో మా వార్డులో చేరారు. అంతకు ముందు వేరే చోట రెండుసార్లు నీరు తీశారు. టి.బి. కావచ్చని ఇచ్చిన మందులు ఆరు నెలలు ఒక్క రోజు కూడా మానకుండా వాడారు. అయినా నీరు మళ్ళీ చేరింది. మనిషి సగమయ్యారు.

కేసు షీటులో ‘వృత్తి’ అన్న చోట ‘వ్యవసాయం’ అని రాసి ఉంది. “అమ్మా, మీ ఇంటాయన మొదట్నుంచీ వ్యవసాయమేనా?” అని భార్యను అడిగాను. “నన్ను సేసుకున్న కాడ్నించీ భూమి పనేనమ్మా” అన్నారామె. మూడో రోజు ఆయన అన్నగారు చూడటానికి వచ్చారు. అదే ప్రశ్న ఆయననూ అడిగాను. “పెళ్ళి కాకముందు నాలుగేళ్ళు ఓడల పనికి ఎల్లినాడు సిస్టరమ్మా. గొట్టాలకి తెల్లగా దూదినాగ ఉండేదేదో సుట్టీవోడు. ఆ మాట ఎవులూ అడగనేదు, మేం సెప్పనేదు” అన్నారు.

ఆ ఒక్క మాటతో డాక్టరు గారి ఆలోచన వేరే దారి పట్టింది. పెద్దాసుపత్రికి పంపి ముక్క పరీక్ష చేయిస్తే మెసోథీలియోమా అని తేలింది. ఇరవై ఏళ్ళ వయసులో పీల్చిన దుమ్ము నలభై ఏళ్ళ తరువాత జబ్బుగా బయటపడింది.

ఈ జబ్బు అరుదైనదే. ఛాతీలో నీరు చేరిన వారందరికీ ఇది ఉండదు. మన ప్రాంతంలో ఎక్కువ మందికి టి.బి. వల్లనో, గుండె లేదా కిడ్నీ జబ్బు వల్లనో, నిమ్ము వల్లనో నీరు చేరుతుంది. కానీ ఈ అరుదైన జబ్బును అనుమానించాలంటే రోగి ముప్పై నలభై ఏళ్ళ కిందట ఏ పని చేశారో తెలియాలి. ఆ సంగతి ఏ యంత్రమూ చెప్పలేదు. కుటుంబం మాత్రమే చెప్పగలదు. అందుకే ఈ వ్యాసం మీ కోసం రాస్తున్నాను.

మెసోథీలియోమా అంటే ఏమిటి?

మన ఊపిరితిత్తుల చుట్టూ రెండు పలుచని పొరలు ఉంటాయి. ఒకటి ఊపిరితిత్తిని అంటుకొని ఉంటే, రెండోది పక్కటెముకల లోపలి వైపు ఉంటుంది. వీటిని ప్లూరా అంటారు. ఈ రెండు పొరల మధ్య కొద్దిపాటి తడి ఉంటుంది. ఆ తడి వల్ల మనం ఊపిరి పీల్చినప్పుడు పొరలు ఒకదానిపై ఒకటి రాపిడి లేకుండా జారుతాయి. ఇలాంటి పొరే పొట్టలో పేగుల చుట్టూ, గుండె చుట్టూ కూడా ఉంటుంది.

ఈ పొరలో పుట్టే కేన్సరే మెసోథీలియోమా. ఎక్కువగా ఛాతీ పొరలో, అంతకంటే తక్కువగా పొట్ట పొరలో, చాలా అరుదుగా గుండె పొరలో వస్తుంది. ఇది ఊపిరితిత్తి కేన్సర్ కాదు. ఊపిరితిత్తి కేన్సర్ లోపలి కండలో పుడుతుంది. ఇది పై పొరలో పుట్టి, గోడకు చెమ్మ పాకినట్టు పొర అంతా పాకుతుంది. పొర దళసరి అవుతుంది. పొరల మధ్య నీరు ఊరుతుంది. ఆ నీరు ఊపిరితిత్తిని నొక్కివేయడం వల్ల ఆయాసం వస్తుంది.

కారణం ఏమిటి?

ఈ జబ్బుకు ముఖ్య కారణం ఆస్బెస్టాస్. తెలుగులో దీన్ని రాతినార అంటారు. ఇది భూమిలో దొరికే ఖనిజం. చూడటానికి రాయి, విడదీస్తే నార. నిప్పుకు కాలదు, నీటికి కుళ్ళదు. వేడిని ఆపుతుంది. చౌకగా దొరుకుతుంది. అందుకే గత శతాబ్దంలో ప్రపంచమంతా దీన్ని విపరీతంగా వాడారు.

మన రాష్ట్రానికి ఇది కొత్త వస్తువు కాదు. కడప జిల్లా పులివెందుల ప్రాంతంలో తెల్ల రాతినార గనులు ఉండేవి. రాతినార గనులకు కొత్త లీజులు ఇవ్వడం 1986లో కేంద్ర ప్రభుత్వం ఆపింది. పాత లీజులను పొడిగించడం 1993లో ఆపింది. అయితే విదేశాల నుంచి తెప్పించుకుని వాడటం ఆగలేదు. మన ఇళ్ళపై, పశువుల శాలలపై, షెడ్లపై కనిపించే బూడిద రంగు సిమెంటు రేకుల్లో చాలా వాటిలో ఇది ఉంటుంది.

రాతినారను కోసినా, దంచినా, రుద్దినా, విరగ్గొట్టినా కంటికి కనిపించని సన్నని పోగులు గాలిలో లేస్తాయి. సూది మొనలాంటి ఈ పోగులు ఊపిరితో లోపలికి వెళ్తాయి. మామూలు దుమ్మును శరీరం కఫంతో బయటకు తోసేస్తుంది. ఈ పోగుల్లో కొన్ని మాత్రం లోతుగా దిగిపోతాయి. మన శరీరంలోని రక్షక కణాలు వాటిని మింగి అరిగించాలని చూస్తాయి, కానీ అవి అరగవు. కొన్ని మెల్లగా పొర దాకా చేరతాయి. అక్కడ ఏళ్ళ తరబడి వాపు పుట్టిస్తూ, కణాల లోపలి జన్యు పదార్థాన్ని దెబ్బ తీస్తాయి. చివరకు ఒక కణం అదుపు తప్పి కేన్సర్‌గా మారుతుంది.

దీనికి సాధారణంగా ఇరవై నుంచి యాభై ఏళ్ళు పడుతుంది. కుర్రతనంలో చేసిన పని ఫలితం ముసలితనంలో కనిపించడానికి కారణం ఇదే.

ఈ సంగతి ఎలా తెలిసింది?

1960లో దక్షిణాఫ్రికాలో డాక్టర్ వాగ్నర్, ఆయన తోటి వైద్యులు ఈ పొర కేన్సర్ వచ్చిన 33 మంది వివరాలు ప్రచురించారు. దాదాపు అందరూ నీలి రాతినార గనుల ప్రాంతంతోనో, ఆ పరిశ్రమతోనో సంబంధం ఉన్నవారే. వారిలో గనిలో ఎన్నడూ పని చేయనివారూ ఉన్నారు. ఆ గనుల పక్క ఊళ్ళలో చిన్నప్పుడు పెరిగారు, అంతే. ఆ డాక్టర్లు రోగుల పాత జీవితం గురించి ఓపికగా అడిగి రాసుకోబట్టే ఈ నిజం లోకానికి తెలిసింది.

ఈ రోజు ప్రపంచ ఆరోగ్య సంస్థ తెలుపు, నీలం, గోధుమ రంగు రకాలన్నీ కేన్సర్ కలిగించేవే అని చెబుతోంది. పని చేసే చోట పీల్చిన రాతినార వల్ల ఏటా రెండు లక్షలకు పైగా మరణాలు జరుగుతున్నాయని ఆ సంస్థ అంచనా. యూరప్ దేశాల కూటమి 2005 నుంచి దీన్ని పూర్తిగా నిషేధించింది. అమెరికా 2024లో తెల్ల రాతినారపై నిషేధం ప్రకటించింది. మన దేశంలో వాడకంపై పూర్తి నిషేధం లేదు.

ఎవరికి వచ్చే అవకాశం ఉంది?

మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వారు పని కోసం ఊరు దాటడం తాతల నాటి నుంచి ఉన్నదే. ఒకప్పుడు రంగం వెళ్ళారు. తరువాత విశాఖ, హైదరాబాదు, చెన్నై, ముంబయి, గుజరాత్, గల్ఫ్ దేశాలు. వెళ్ళిన చోట ఏ పని దొరికితే ఆ పని చేశారు. అందులో ఈ కింది పనులు ఉన్నాయేమో చూడండి:

• ఓడల తయారీ, మరమ్మతు, పాత ఓడలను విరగ్గొట్టే పని. ఓడల ఇంజను గదుల్లో వేడి గొట్టాలకు, బాయిలర్లకు ప్రపంచమంతటా రాతినార చుట్టేవారు.
• బాయిలర్ పని, ఆవిరి గొట్టాలకు పట్టీలు చుట్టే పని. మిల్లులు, పాత ఆవిరి ఇంజన్లు, కరెంటు తయారు చేసే కేంద్రాలు, రిఫైనరీలు.
• సిమెంటు రేకులు, సిమెంటు గొట్టాలు తయారు చేసే ఫ్యాక్టరీ పని.
• రేకులు కోయడం, బెజ్జాలు వేయడం, పాత కప్పులు విప్పడం.
• పాత భవనాలు కూల్చే పని.
• లారీలు, బస్సుల పాత బ్రేకు లైనింగులు, క్లచ్ ప్లేట్లు అరగదీసే మెకానిక్ పని.
• రాతినార తాడు, గుడ్డ, చేతి తొడుగులు నేసే లేదా వాడే పని.
• రాతినార బస్తాలు ఎత్తి దించే హమాలీ పని.

ఇంకొక సంగతి. పనికి వెళ్ళినవారికే కాదు, వారి బట్టలు దులిపి ఉతికిన భార్యలకు, ఆ బట్టలతోనే ఎత్తుకున్న పిల్లలకు కూడా ఈ జబ్బు వచ్చిన సందర్భాలు వైద్య శాస్త్రంలో ఉన్నాయి. అందుకని రోగి ఆడమనిషి అయితే ఆమె పనితో పాటు తండ్రి, భర్త చేసిన పనులు కూడా చెప్పాలి.

లక్షణాలు

• మెల్లగా పెరిగే ఆయాసం. మొదట మెట్లెక్కితే, తరువాత నాలుగడుగులు వేస్తే, చివరకు పడుకున్నా ఆయాసం.
• ఛాతీలో ఒకే వైపు బరువు, నొప్పి. భుజానికి, వీపుకు పాకవచ్చు.
• తగ్గని పొడి దగ్గు.
• బరువు తగ్గడం, ఆకలి మందగించడం, నీరసం, రాత్రిళ్ళు చెమటలు.
• తీసిన నీరు మళ్ళీ మళ్ళీ చేరడం.
• పొట్ట పొరలో వస్తే పొట్ట ఉబ్బు, నొప్పి, పొట్టలో నీరు.

టి.బి.కీ దీనికీ తేడా ఎలా తెలుస్తుంది?

లక్షణాలు చూసి తేడా చెప్పడం కష్టం. దగ్గు, బరువు తగ్గడం, చెమటలు, ఛాతీలో నీరు రెండింటిలోనూ ఉంటాయి. మన దేశంలో టి.బి. చాలా ఎక్కువ కాబట్టి డాక్టర్లు ముందుగా దాన్నే అనుమానించడం సహజం. అది తప్పు కాదు. కానీ టి.బి. మందులు సరిగా వాడుతున్నా నీరు తగ్గకపోతే, లేదా తగ్గి మళ్ళీ చేరితే, “ఇంకేదైనా జబ్బు కావచ్చా డాక్టరు గారూ?” అని అడగండి. అలా అడిగితే డాక్టరు గారు ఏమనుకుంటారో అని జంకవద్దు.

అయితే ఒక మాట. ఈ వ్యాసం చదివి టి.బి. మందులు మీ అంతట మీరు ఆపవద్దు. మధ్యలో మందులు ఆపితే టి.బి. మొండిదిగా మారుతుంది. ఆపాలో మార్చాలో డాక్టరు గారే చెప్పాలి.

ఏ పరీక్షలు చేస్తారు?

మొదట ఎక్స్‌రే, స్కానింగ్ తీస్తారు. సూదితో నీరు తీసి పరీక్షకు పంపుతారు. ఆ నీటిలో టి.బి. సూచనలు ఉన్నాయా, కేన్సర్ కణాలు ఉన్నాయా అని చూస్తారు. కానీ మెసోథీలియోమాలో నీటి పరీక్ష ఒక్కటే చాలాసార్లు చాలదు. “నీటిలో కేన్సర్ లేదన్నారు కదా, మళ్ళీ పరీక్ష ఎందుకు?” అని కుటుంబాలు అడుగుతుంటాయి. నీటిలో కణాలు కనిపించకపోయినా పొరలో జబ్బు ఉండవచ్చు. అందుకే సి.టి. స్కాన్ తీసి పొర ఎక్కడ దళసరిగా ఉందో చూసి, అక్కడి నుంచి చిన్న ముక్క తీస్తారు. పక్కటెముకల మధ్య చిన్న గాటు పెట్టి సన్నని కెమెరా గొట్టంతో లోపల చూస్తూ ముక్క తీయడాన్ని థొరకోస్కోపీ అంటారు. ఆ ముక్కకు ప్రత్యేక రంగుల పరీక్షలు చేసి, ఇది ఊపిరితిత్తి కేన్సరా, మెసోథీలియోమాయా అని తేలుస్తారు. ఫలితం రావడానికి కొన్ని రోజులు పట్టవచ్చు.

“ముక్క తీస్తే కేన్సర్ పాకిపోతుంది” అని చాలామంది భయపడి పరీక్ష వద్దంటారు. ముక్క తీయకపోతే జబ్బు పేరు తేలదు. పేరు తేలకపోతే సరైన మందు ఉండదు. మీ భయం డాక్టరు గారితో చెప్పండి, కానీ పరీక్ష మానవద్దు.

డాక్టరు దగ్గరకు వెళ్ళే ముందు ఒక కాగితం రాయండి

ఈ వ్యాసంలో అన్నిటికంటే ముఖ్యమైన భాగం ఇదే. ఒక తెల్ల కాగితం తీసుకుని రోగి చేసిన పనులన్నీ మొదటి నుంచి వరుసగా రాయండి. చదువు రానివారు పిల్లల చేత రాయించండి.

1. ఏ వయసులో మొదటిసారి ఊరు దాటారు? ఎక్కడికి?
2. ప్రతి చోట ఎన్నేళ్ళు ఉన్నారు? ఆరు నెలలు చేసినా రాయండి.
3. చేతితో ఏమి చేశారు? ‘కంపెనీ పని’ అని కాక ‘గొట్టాలకు గుడ్డ చుట్టారు’, ‘రేకులు కోశారు’, ‘బస్తాలు మోశారు’ అని రాయండి.
4. దుమ్ము లేచేదా? బట్టలు తెల్లగా అయ్యేవా? వాటిని ఇంట్లో ఎవరు ఉతికేవారు?
5. అక్కడ కలిసి పని చేసిన వారిలో ఎవరికైనా ఇలాంటి జబ్బు వచ్చిందా?
6. బీడీ, చుట్ట, సిగరెట్టు ఎన్నేళ్ళు?

భార్యకు పెళ్ళి తరువాతి సంగతులే తెలుస్తాయి. పిల్లలకు వాళ్ళు పుట్టిన తరువాతివే తెలుస్తాయి. అంతకు ముందువి అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్ళకు, కలిసి వలస వెళ్ళిన స్నేహితులకు తెలుస్తాయి. వారిని అడగండి. పాత గుర్తింపు కార్డు, జీతం చీటీ, పి.ఎఫ్. కాగితం, ఓడ ఉద్యోగం చేసినవారి సి.డి.సి. పుస్తకం, పాస్‌పోర్టు, అక్కడ దిగిన ఫోటో, పెట్టెలో ఏది దొరికినా తీసి దాచండి. వైద్యానికీ, తరువాత పరిహారానికీ అవి పనికి వస్తాయి.

చికిత్స ఏమిటి?

నిజం చెప్పాలి. చాలామందిలో ఈ జబ్బు ముదిరిన తరువాతే బయటపడుతుంది. అప్పుడు దీన్ని పూర్తిగా నయం చేయడం సాధ్యం కాదు. కానీ నయం చేయలేకపోవడం వేరు, ఏమీ చేయలేకపోవడం వేరు. ఆయాసం తగ్గించవచ్చు, నొప్పి తగ్గించవచ్చు, కొంత కాలం పొడిగించవచ్చు.

నీటికి: నీరు తీసిన తరువాత పొరల మధ్య శుద్ధి చేసిన టాల్క్ పొడిని పంపి రెండు పొరలను అతుక్కునేలా చేస్తారు. అప్పుడు నీరు చేరే చోటు ఉండదు. లేదా ఒక సన్నని గొట్టం అమర్చి ఇంటి దగ్గరే నీరు తీసుకునే ఏర్పాటు చేస్తారు. నీరు చేరిన ప్రతిసారీ సూదితో తీయించుకోవడం కంటే ఈ పద్ధతులు నయం. మీ రోగికి ఏది పనికి వస్తుందో అడగండి.

కీమోథెరపీ: పెమెట్రెక్సెడ్ అనే మందును సిస్‌ప్లాటిన్ లేదా కార్బోప్లాటిన్‌తో కలిపి ఇస్తారు. 2003లో వెలువడిన పెద్ద పరిశోధనలో సిస్‌ప్లాటిన్ ఒక్కటే తీసుకున్నవారు మధ్యస్థంగా 9 నెలలు, రెండూ కలిపి తీసుకున్నవారు 12 నెలలు జీవించారు. ఈ మందుతో పాటు ఫోలిక్ యాసిడ్ మాత్రలు, బి12 ఇంజక్షన్లు తప్పనిసరి. ‘విటమిన్లే కదా’ అని మానవద్దు. అవి లేకపోతే మందు దుష్ఫలితాలు తీవ్రం అవుతాయి.

ఇమ్యునోథెరపీ: శరీరంలోని రక్షణ శక్తిని కేన్సర్ మీదకు లేపే మందులు 2020 తరువాత ఈ జబ్బుకు వాడుకలోకి వచ్చాయి. కొందరికి కీమో కంటే బాగా పని చేస్తాయి. ఖరీదు చాలా ఎక్కువ. భూమి అమ్మి ఈ మందులు కొనాలా అని కొందరు మమ్మల్ని అడుగుతారు. ఎంత ఖర్చు, ఎంత మేలు, ఎన్నాళ్ళు అనేది కేన్సర్ డాక్టరు గారిని సూటిగా అడిగి, ఇంట్లో అందరూ కూర్చుని నిర్ణయించుకోండి. తొందరపడి తాకట్టు పెట్టవద్దు.

ఆపరేషన్: ఛాతీ పొరను తొలగించే ఆపరేషన్ చాలా పెద్దది. ఇటీవలి పరిశోధనలో దాని వల్ల ఆయుష్షు పెరుగుతుందని తేలలేదు. అందువల్ల ‘ఆపరేషన్ చేయలేదు’ అంటే ‘వదిలేశారు’ అని అనుకోవద్దు. పొట్ట పొరలో వచ్చినప్పుడు మాత్రం తగిన రోగులకు ప్రత్యేక కేంద్రాల్లో ఆపరేషన్ ఉపయోగపడుతుంది.

రేడియేషన్: ఎక్కువగా ఒక చోట ఉన్న నొప్పి తగ్గించడానికి ఇస్తారు.

ఇంటి దగ్గర ఎలా చూసుకోవాలి?

• ఇది అంటువ్యాధి కాదు. పక్కనే కూర్చోవచ్చు, కలిసి తినవచ్చు, మనుమలు ఒడిలోకి వెళ్ళవచ్చు. కంచం, గ్లాసు వేరు చేయవద్దు.
• పడుకుంటే ఆయాసం వస్తే వీపు వెనుక దిండ్లు పెట్టి కూర్చోబెట్టండి. ముందు బల్ల పెట్టి దాని మీద చేతులు ఆన్చుకోమనండి. కిటికీ తీసి ఉంచండి. ముఖానికి తగిలేలా ఫ్యాను గాలి ఆయాసాన్ని నిజంగానే తగ్గిస్తుంది.
• ఒకేసారి పెద్ద భోజనం వద్దు. గంజి, చోడి అంబలి, గుడ్డు, పప్పు, చేపల పులుసు, పెరుగు, అరటిపండు ఏది తినగలిగితే అది కొంచెం కొంచెంగా పెట్టండి. తినలేదని తిట్టవద్దు.
• నొప్పి మందు టైము ప్రకారం ఇవ్వండి. నొప్పి ముదిరే దాకా ఆగవద్దు. తీవ్రమైన నొప్పికి, ఆయాసానికి మార్ఫిన్ మంచి మందు. డాక్టరు చెప్పిన మోతాదులో ఇస్తే ప్రాణం తీయదు, మత్తు బానిసను చేయదు. దీనితో మలబద్ధకం వస్తుంది కాబట్టి విరేచనం మందు కూడా అడగండి.
• జ్వరం, ఒక్కసారిగా పెరిగిన ఆయాసం, గొట్టం చుట్టూ ఎరుపు లేదా చీము కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.
• జబ్బు సంగతి రోగి దగ్గర దాచాలా? చాలా ఇళ్ళలో దాస్తారు. కానీ రోగికి తెలియకుండా ఉండదు. అడిగినప్పుడు మెల్లగా, అబద్ధం లేకుండా చెప్పండి. చెప్పుకోవలసిన మాటలు, చూడాలనుకున్న మనుషులు, చక్కబెట్టవలసిన కాగితాలు ఆయనకూ ఉంటాయి.

మన ఇంటి రేకుల సంగతి

ఇది చదివిన వారికి వెంటనే కప్పు మీద అనుమానం వస్తుంది. కంగారు పడవద్దు. సిమెంటు రేకుల్లో రాతినార పోగులు సిమెంటులో గట్టిగా బిగుసుకుని ఉంటాయి. పగలకుండా, పొడి రాలకుండా ఉన్న కప్పు కింద కాపురం ఉండటం వల్ల ప్రమాదం చాలా తక్కువ. జింకు రేకుల్లో, ఇనుప రేకుల్లో రాతినార ఉండదు.

ప్రమాదం రేకు పగిలినప్పుడు, కోసినప్పుడు. మనది తుపానుల తీరం. 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరులో తిత్లీ వచ్చినప్పుడు ఎన్ని కప్పులు లేచిపోయాయో మనకు తెలుసు. తెల్లారి అందరం చీపుర్లు పట్టుకుని రేకు ముక్కలు ఊడ్చాం. ఇక ముందు ఇలా చేయండి:

• పగిలిన ముక్కలను ముందు నీళ్ళతో బాగా తడపండి. తడిసిన పోగులు గాలిలో లేవవు.
• పొడిగా ఊడ్చవద్దు. తడి గుడ్డతో తుడిచి, ఆ గుడ్డను కూడా పారవేయండి.
• ముక్కలను ఇంకా చిన్నగా పగలగొట్టవద్దు. దళసరి ప్లాస్టిక్ సంచుల్లో కట్టి, బావికీ చెరువుకీ దూరంగా లోతైన గోతిలో పూడ్చండి. దారి గుంతల్లో మెత్తకు వేయవద్దు.
• కరెంటు కోత మిషనుతో రేకులు కోయవద్దు. తప్పనిసరి అయితే తడుపుతూ చేతి రంపంతో, ఆరుబయట, పిల్లలకు దూరంగా కోయండి.
• ముఖానికి తువ్వాలు చుట్టుకుంటే చాలదు. ఆ పోగులు గుడ్డలోంచి దూరిపోతాయి. ముఖానికి బిగుతుగా పట్టే పి-100 లేదా ఎఫ్.ఎఫ్.పి.-3 రకం మాస్కు వాడండి.
• రేకుల మీద పాచిని ఇనుప బ్రష్షుతో గీకవద్దు.
• పని అయ్యాక బట్టలు దులపకుండా నీళ్ళలో ముంచి, మిగతా బట్టలతో కలపకుండా ఉతకండి. స్నానం చేసి ఇంట్లోకి రండి.

కొత్తగా కప్పు వేసుకునేవారు రాతినార లేని సిమెంటు రేకులు, రంగు పూసిన ఉక్కు రేకులు, పెంకులు వంటివి చూడండి. దుకాణంలో అడిగి, బిల్లు మీద రాయించుకోండి.

సహాయం ఎక్కడ దొరుకుతుంది?

శ్రీకాకుళం, విజయనగరం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల్లో ఛాతీ వ్యాధుల డాక్టర్లను కలవవచ్చు. తదుపరి పరీక్షలకు విశాఖపట్నంలో కింగ్ జార్జి ఆసుపత్రి, ప్రభుత్వ ఛాతీ వ్యాధుల ఆసుపత్రి, అగనంపూడిలో టాటా మెమోరియల్ కేంద్రం నడిపే హోమీ భాభా కేన్సర్ ఆసుపత్రి ఉన్నాయి. పూర్వం ఆరోగ్యశ్రీ అని పిలిచిన పథకం పేరు 2024లో డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవగా మారింది. ఏ చికిత్స ఉచితంగా వస్తుందో ఆసుపత్రిలోని ఆ పథకం కౌంటరులో ముందే అడగండి.

ఇది పని వల్ల వచ్చే జబ్బు కాబట్టి కార్మికునికి హక్కు కూడా ఉంది. రాతినార వల్ల వచ్చే ఊపిరితిత్తి కేన్సర్, మెసోథీలియోమా 1923 నాటి నష్టపరిహార చట్టం మూడో షెడ్యూలులో ఉన్నాయి. దాని స్థానంలో వచ్చిన 2020 సామాజిక భద్రత కోడ్‌లోనూ వృత్తి జబ్బుల జాబితా ఉంది. 1995 జనవరి 27న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో రాతినార పరిశ్రమలు ప్రతి కార్మికుని ఆరోగ్య రికార్డును పనిలో చేరిన నాటి నుంచి 40 ఏళ్ళు, లేదా పని మానిన తరువాత 15 ఏళ్ళు, ఏది ఎక్కువైతే అంత కాలం దాచాలని ఆదేశించింది. ఆ తీర్పు రాసినవారు మన తెలుగువారైన జస్టిస్ కె. రామస్వామి గారు. కార్మికుని ఆరోగ్యం అతని జీవించే హక్కులో భాగమని అందులో స్పష్టం చేశారు.

జబ్బు పేరు, పనితో దానికి ఉన్న సంబంధం రెండూ డిశ్చార్జి కాగితంలో రాయించుకోండి. ఇ.ఎస్.ఐ. ఉన్నవారు ఆ కార్యాలయాన్ని, లేనివారు జిల్లా కార్మిక శాఖ కార్యాలయాన్ని కలవండి. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అర్హులైన వారికి ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది.

అపోహలు – నిజాలు

అపోహ: పొగ తాగని వాళ్ళకు ఛాతీలో కేన్సర్ రాదు.
నిజం: మెసోథీలియోమాకు పొగ కారణం కాదు. అయితే రాతినార పీల్చినవారు పొగ కూడా తాగితే ఊపిరితిత్తి కేన్సర్ ముప్పు ఎన్నో రెట్లు పెరుగుతుంది. అందుకే వారు పొగ తప్పక మానాలి.

అపోహ: పని మానేసి ముప్పై ఏళ్ళయింది, ఇక భయం లేదు.
నిజం: ఈ జబ్బు బయటపడేదే అప్పుడు. ఆయాసం, ఛాతీ నొప్పి వస్తే పాత పని సంగతి డాక్టరుకు చెప్పాలి.

అపోహ: ఆ పని చేసిన అందరికీ వస్తుంది.
నిజం: చాలామందికి రాదు. ఎక్కువ కాలం, ఎక్కువ దుమ్ము పీల్చినవారికి ముప్పు ఎక్కువ.

అపోహ: బెల్లం ముక్క తింటే దుమ్ము కడిగేస్తుంది.
నిజం: బెల్లం కడుపులోకి వెళ్తుంది, ఊపిరితిత్తుల్లోకి కాదు. తడిపి పని చేయడం, సరైన మాస్కు, ఇవే రక్షణ.

చివరిగా

మొదట చెప్పిన ఆయన జబ్బు తెలిసిన తరువాత పద్నాలుగు నెలలు ఉన్నారు. నీరు చేరకుండా పొర అతికించారు. నొప్పికి మందు ఇచ్చారు. ఆ వేసవిలో తన తోటలో చెట్టు కింద మంచం వేయించుకుని కూర్చునేవారని భార్య చెప్పారు. ఆయన పోయిన తరువాత ఆమె ఒకసారి మా ఆసుపత్రికి వచ్చారు. చేతిలో ఒక కాగితం ఉంది. ఆ రోజుల్లో ఆయనతో కలిసి ఓడల పనికి వెళ్ళిన మరో ఐదుగురి పేర్లు మనుమడి చేత రాయించి తెచ్చారు. “ఈళ్ళకి కూడా ఓపాలి సూడండి సిస్టరమ్మా” అన్నారు.

మీ ఇంట్లో, మీ వీధిలో కుర్రతనంలో ఇలాంటి పనికి వెళ్ళి వచ్చిన పెద్దలు ఉంటే, ఈ రాత్రి భోజనాల దగ్గర అడగండి. “తాతా, నువ్వు ఆ రోజుల్లో ఎక్కడ పని చేశావు? ఏం చేశావు?” వారు చెప్పింది రాసి పెట్టుకోండి. ఆసుపత్రికి వచ్చినప్పుడు ఆ కాగితం వెంట తెండి.